గుట్ట మీది మరువం

మా బావ మీద నాకు అనుమానం మొదలైంది ఒక చిన్న కాగితం ముక్క దగ్గర.

ముందు నా పనేంటో చెప్పాలి, లేకపోతే మీకు ఏమీ అర్థం కాదు. ఊరి చివర మరువం ఆకు నుంచి నూనె తీసే బట్టీ ఒకటుంది. పద్దెనిమిదేళ్ళుగా దాన్ని నడిపేది నేనే. చుట్టుపక్కల ముప్ఫై మంది రైతులు ఆకు కోసి బస్తాల్లో తెస్తారు. సగం రోజు నీడలో వాడ్చి, తర్వాత పెద్ద స్టీలు ట్యాంకులోకి దిగి కాళ్ళతో తొక్కి తొక్కి నింపాలి. వదులుగా నింపామా, కింద నుంచి వచ్చే ఆవిరి దొంగదారి చూసుకుని పైకి పోతుంది, నూనె మాత్రం ఆకులోనే ఉండిపోతుంది. గట్టిగా నింపితే ఆవిరి ప్రతి ఆకునీ పలకరించి, నూనె మోసుకుని చల్లటి గొట్టంలోకి వెళ్తుంది. అక్కణ్ణించి నీళ్ళూ నూనే కలిసి డబ్బాలో పడతాయి. నూనె పైన తేలుతుంది. చెప్తే ఇంతే. చేస్తే నడుం ఉండదు.

నూనె తీశాక కాగితం ముక్క మీద ఒక చుక్క వేసి వాసన చూస్తాను. వెంటనే ఒకసారి, గంటకి ఒకసారి, మర్నాడు పొద్దున ఒకసారి. బీరువాలో నమూనా సీసా ఒకటి ఉంటుంది. దాని వాసనకి సరిపోతే పెద్ద డ్రమ్ములోకి, లేకపోతే పక్కకి. ఇందులో నా మాటే ఆఖరి మాట. అందుకే అందరూ నన్ను ముక్కుమామ అంటారు. మా ఓనరమ్మ కూడా అంతే. జీతం కాగితం మీద మాత్రం సొంత పేరు రాస్తుంది, అదొక్కటే దయ.

మా బావ అంటే మా అక్క మొగుడు. ఇరవై రెండేళ్ళు లారీ తోలాడు. మోకాలు పోయాక లారీ దిగి, గుట్ట మీద రాళ్ళ నేల తీసుకున్నాడు. "నాకూ కాసిని మరువం కొమ్మలు ఇవ్వు బావమరిదీ, నేనూ రైతునవుతా" అన్నాడు. బట్టీ వెనక గోడ పక్కన మాదో మడి ఉంది. అందరికీ కొమ్మలు ఇచ్చేది అందులోంచే. నా చేత్తో కోసి, తడిగుడ్డలో చుట్టి ఇచ్చాను.

మొదటి కోత నూనె కొంచెం తేడాగా ఉంటే, కొత్త మొక్కలు కదా అని వదిలేశాం. రెండో కోత నూనె కాగితం మీద వేసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మరువం తియ్యగా, మెత్తగా ఉండాలి. ఇది ఘాటు! నెత్తికి ఎక్కింది. మందుల షాపు తలుపు తీసినట్టుంది. గంట తర్వాత చూశాను, అదే. మర్నాడు పొద్దున చూశాను, ఇంకా నిలబడే ఉంది, అద్దె కట్టని కిరాయిదారులా.

పోనీ నా ముక్కుకి జలుబేమో అని చిన్న సీసాలో పోసి చూడమని పంపితే, కొనేవాళ్ళు కూడా వెనక్కి పంపేశారు. 'ఇది మీ నూనెలా లేదు. ఇందులో ఏదో కలిసింది' అని రాశారు.

ఓనరమ్మ నన్ను గదిలోకి పిలిచి తలుపేసింది. ఆవిడ తలుపేసిందంటే మంచి మాట కాదు.

"మీ బావ ఏం కలుపుతున్నాడు?"

"నాకేం తెలుసు అమ్మగారూ, బస్తాల్లో ఆకే కదా తెచ్చేది."

"ఆకు మీద ఏదైనా చల్లి తెస్తున్నాడేమో. మధ్యలో వేరే ఆకు దూరుస్తున్నాడేమో. ఒక్కడి వల్ల ముప్ఫై మంది నూనె అనుమానంలో పడుతుంది. శనివారం లోపు రాసివ్వు. కల్తీ ఉందంటే ఉంది, లేదంటే లేదు. ఉందంటే మన రైతుల జాబితాలోంచి పేరు కొట్టేస్తా, మళ్ళీ ఎక్కించను. నీ బావ కదా అని కప్పిపెట్టావో, నీ ముక్కు నాకక్కర్లేదు."

ఆ రోజు మంగళవారం.

ఇక చూడండి, అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. మా బావ చేసిన ప్రతీదీ కొత్తగా కనిపించడం మొదలైంది. నాటిన దగ్గర్నుంచి నన్ను ఒక్కసారి కూడా తోటలోకి రమ్మనలేదు. "గుట్ట ఎక్కలేవు, నీ పొట్ట నీకు అడ్డం" అని నవ్వేవాడు. అప్పుడు నేనూ నవ్వాను. ఇప్పుడు అనిపించింది, ఎందుకు రానివ్వట్లేదు? బస్తాలు దించగానే ఉండడు, వెళ్ళిపోతాడు. ఎందుకంత తొందర? పాత రోజుల్లో గీతలు పడ్డ స్కూటర్‌కి రంగేసి, పెద్దగా తోలలేదని చెప్పి మా పెదనాన్నకే అంటగట్టిన మనిషి. అప్పుడు ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వాం. ఇప్పుడు నవ్వు రాలేదు.

బుధవారం గొడుగు తిరిగిచ్చే వంకతో బావ వాళ్ళింటికి వెళ్ళాను. ఇల్లు గుట్ట కిందే, తోట ఇంటి వెనక నుంచి పైకి పోతుంది. బావ లేడు. అక్క లోపల బట్టలు మడతపెడుతోంది. నేను వెనక్కి వెళ్ళాను. వెనక రేకుల షెడ్డు. షెడ్డులో నీలం డ్రమ్ము, నా ఛాతీ ఎత్తు. దానికి మూత. మూతకి తాళం!

మీరే చెప్పండి, డ్రమ్ముకి తాళం ఎవడేస్తాడు? దొరికాడురా అనుకున్నాను. మూత సందులో ముక్కు పెట్టి పీల్చాను. ఏమీ తెలియలేదు. ఇంకోపక్క తిరిగి మళ్ళీ పీల్చాను.

"ఏంట్రా అది, డ్రమ్ముని ముద్దు పెట్టుకుంటున్నావా?"

వెనక మా అక్క, నడుం మీద చేతులు పెట్టుకుని.

"అదీ... ఏదో వాసన వస్తే..."

"వాసనా? తాళం వేసిన డ్రమ్ములో ఏముందో వాసన చూసి చెప్తే నీకు బహుమతి ఇస్తా. చెప్పు, ఏముంది?"

"నువ్వే చెప్పక్కా. బావ ఆకు మీద ఏం చల్లుతున్నాడు?"

అక్క మొహం మారిపోయింది. నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు. "ఎవరన్నారు?"

"నూనె వెనక్కొచ్చింది. కల్తీ అంటున్నారు. శనివారం నేను రాసివ్వాలి."

"నువ్వేమనుకుంటున్నావ్?"

నేను మళ్ళీ డ్రమ్ము వైపు చూశాను. అదే జవాబని ఆవిడకి అర్థమైంది. చీర కొంగున కట్టిన తాళం చెవి తీసి, డ్రమ్ము తాళం తీసి, మూత నేలకేసి కొట్టింది. "చూసుకో. మునిగి మరీ చూసుకో."

నీళ్ళు. మామూలు నీళ్ళు. సగానికి ఉన్నాయి.

"నీళ్ళకి తాళమా?"

"రోజూ కింద కాలవ నుంచి మోపెడ్ మీద నాలుగు క్యాన్లు తెస్తాడు మీ బావ, ఆ మోకాలితో. ఎదురింటి పిల్లలు ఆడుతూ పారబోస్తే ఒక రోజు పని పోతుంది. అందుకు తాళం. చాలా?"

"క్యాన్లు దేనికి? బోరు ఉంది కదా!"

అక్క నా వైపు చూసింది. చూసి తల దించుకుంది. బోరు లేదని నాకు అప్పుడు తట్టింది. తేలు కుట్టిన దొంగలా అయింది నా పని. ఎందుకంటే బోరు ఉందని సంతకం పెట్టింది నేనే.

ఏం జరిగిందంటే, జాబితాలో చేరాలంటే ఒక ఫారం నింపాలి. అందులో నీటి వసతి అని ఒక గడి ఉంటుంది. నీళ్ళు లేని తోటని తీసుకోరు. బావ 'బోరు ఉంది' అని రాశాడు. కింద 'చూసినవారు' అని ఇంకో గడి. దాంట్లో సంతకం నాది. గుట్ట ఎక్కాలి, ఎండగా ఉంది, మా బావే కదా, చూసేదేముంది అని బట్టీలో స్టూలు మీద కూర్చునే పెట్టేశాను.

"బోరు వేస్తే రాయి తగిలింది. రెండు చోట్ల. ఎవరికీ చెప్పొద్దన్నాడు," అంది అక్క.

సరే, బావ దాచింది ఇదీ అని తేలింది. కానీ నా అనుమానం చచ్చిందా? చావలేదు. బోరు విషయంలో అబద్ధం చెప్పినవాడు ఆకు విషయంలో చెప్పడా? అదే తిరుగుతోంది బుర్రలో. గుట్ట ఎక్కాను. పొట్ట నిజంగానే అడ్డమే. పైన ఎండ మాడ్చేస్తోంది, గాలి ఈడ్చి కొడుతోంది, రాళ్ళ మధ్య మరువం మొక్కలు పొట్టిగా, గిడసబారి, ఆకులు చిన్నవిగా, మందంగా ఉన్నాయి. నా చేత్తో నేనే ఒక బస్తా కోశాను. ఎవరి చెయ్యీ తగలనివ్వలేదు. బస్తా ఒళ్ళో పెట్టుకుని ఆటోలో బట్టీకి తెచ్చాను. ఆటో అతను "లోపల పాపాయి ఉందా?" అని అడిగాడు.

గురువారం చిన్న బట్టీలో, అంటే పరీక్షకి వాడే దాంట్లో, నేనే నింపి, నేనే తొక్కి, నేనే పక్కన కూర్చుని తీశాను. మధ్యలో టీకి కూడా లేవలేదు. కాగితం మీద చుక్క వేశాను.

అదే ఘాటు. మందుల షాపు.

కలపడానికి మధ్యలో ఎవరూ లేరు. నేనే ఉన్నాను. ఇక నన్ను నేను అనుమానించుకోవాలి.

అప్పుడు ఇంకో పురుగు తొలిచింది. మొక్కలు మార్చేశాడా? నేనిచ్చిన కొమ్మలు పారేసి ఇంకేదో అడవి రకం తెచ్చి నాటాడా? శుక్రవారం పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను. ఈసారి బావ ఉన్నాడు, గుమ్మంలో కూర్చుని మోకాలికి పట్టీ చుట్టుకుంటున్నాడు.

"రావయ్యా పోలీసూ," అన్నాడు. "డ్రమ్ము తెరిచావట. బీరువా కూడా తెరవమంటావా? మీ అక్క నగలున్నాయి, అవి కూడా వాసన చూడు."

"బావా, ఈ మొక్కలు నేనిచ్చినవేనా?"

"కాదు, రాకెట్లో పైనుంచి దిగాయి."

"జోకులు వద్దు."

"జోకులా! నా లారీ మీద ఇరవై రెండేళ్ళలో ఒక్క బస్తా సిమెంటు కూడా తగ్గలేదు. ఎవడూ నన్ను దొంగ అనలేదు. నువ్వన్నావు."

"నేననలేదు."

"అనలేదు, వాసన చూశావు. అదింకా అన్యాయం."

ఇంటి వెనక వైపు నడిచాను. వంటగది గోడ పక్కన, అక్క గిన్నెలు కడిగిన నీళ్ళు వచ్చి పడే చోట, మరువం మొక్కలు ఒక వరస ఉన్నాయి. పదో పన్నెండో ఉంటాయి. గోడ నీడలో, తడి మట్టిలో, ఏపుగా, ఆకులు పలచగా, వెడల్పుగా. పనేమీ లేక ఒక ఆకు తుంపి నలిపాను.

తియ్యగా, మెత్తగా ఉంది. నా బీరువాలో సీసా మూత తీసినట్టే ఉంది.

"బావా! ఇవి ఎక్కడివి?"

"అవీ నువ్విచ్చినవే. పైన నాటగా మిగిలితే పారేయడం ఎందుకని మీ అక్క అక్కడ గుచ్చింది. ఏం, అందులో కూడా ఏదో కలిపానా? సబ్బు కలిపుంటాను, చూడు."

అక్కడో ఆకు నలిపి, యాభై అడుగులు ఎక్కి పైన ఆకు నలిపి, మళ్ళీ కిందకి దిగి నలిపి, అలా నాలుగుసార్లు తిరిగాను. బావ కూడా అపనమ్మకంగా ఒక ఆకు నలుపుకున్నాడు. మళ్ళీ నలుపుకున్నాడు. జోకు వెయ్యలేదు.

రెండు చోట్లా ఆకు కోసుకుని బట్టీకి పరిగెత్తి, చిన్న బట్టీలో దేని నూనె దానికి విడిగా తీశాను. మాకు ఆర్నెల్ల కింద కొత్త మిషన్ వచ్చింది, దాంతోపాటు ల్యాబ్ అమ్మాయి కూడా వచ్చింది. మిషన్‌కి సూదితో చుక్క ఎక్కిస్తే కాగితం మీద కొండలు గీస్తుంది. ఒక్కో కొండ నూనెలో ఒక్కో సరుకు. నిజం చెప్తున్నాను, ఆ పిల్ల వచ్చినప్పట్నుంచీ నేను ఆ గదిలో కాలు పెట్టలేదు. నా ముక్కుకి సవతి కదా మరి.

ఆ పిల్ల సాయంత్రానికల్లా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది.

"చూడు మామయ్యా. ఇందులో పదకొండు కొండలు. అందులోనూ పదకొండే, వరస కూడా అదే. బయటి సరుకు ఏదైనా కలిపితే ఇక్కడ ఎక్కడో పరాయి కొండ లేవాలి. లేవలేదు. ఎత్తులు మారాయి, అంతే. మెత్తటి వాసన ఇచ్చేది గోడ పక్కదాంట్లో పెద్దది, గుట్ట మీదిదాంట్లో చిన్నది. ఘాటుది తలకిందులు."

"మొక్క ఒకటే అయినప్పుడు ఎత్తులు ఎందుకు మారతాయమ్మా?"

"ఉన్న చోటుని బట్టి. ఎండ, గాలి, నీళ్ళ కరువు, రాయి నేల. ఆకులో నూనె మన కోసం కాదు కదా, మొక్క తన అవసరానికి చేసుకుంటుంది. చోటు మారితే అవసరం మారుతుంది. ఇక్కడ నీళ్ళా, నీడా, లేక మట్టా, ఏది ఎంత మార్చిందో నేను చెప్పలేను. కల్తీ మాత్రం కనపడట్లేదు." కాగితాలు పక్కన పెట్టి, "ఆ నమూనా సీసాలో నూనె ఏ తోటది?" అంది.

చెయ్యెత్తి కిటికీలోంచి చూపించాను. బట్టీ వెనక గోడ పక్కన మడి. చల్లటి గొట్టం మీద పారిన నీళ్ళన్నీ పగలూ రాత్రీ పోయి పడేది అందులోనే. పైన గోడ నీడ. పదకొండేళ్ళ కింద దగ్గర్లో ఉంది కదా, నడవక్కర్లేదు కదా అని ఆ మడిలో ఆకు కోసి, నూనె తీసి, సీసాలో పోసి, ఇదే మరువం వాసన అని బీరువాలో పెట్టింది నేనే. మిగతా రైతులవన్నీ కాలవ కింద తడి పొలాలు కాబట్టి ఇన్నాళ్ళూ సరిపోయింది. గుట్ట ఎక్కినవాడు మా బావ ఒక్కడే.

ఆ పిల్ల బయటికెళ్ళి చూసొచ్చింది. చెప్పులకి బురద.

ఆ సాయంత్రమే బావకి ఫోన్ చేశాను. "కల్తీ లేదని తేలింది బావా."

"నేను ముందే చెప్పాను. రాసిచ్చేయ్."

"రాస్తాను. కానీ మరి తేడా ఎందుకొచ్చిందని అడుగుతారు. నీళ్ళు లేవు కాబట్టి అని చెప్పాలి."

"బోరు మాట ఎత్తకు."

"ఎత్తకుండా ఎలా చెప్పను?"

"ఎత్తావంటే ఫారంలో అబద్ధం రాశానని తీసేస్తారు. కల్తీ లేదని మాత్రం రాస్తే ఊరుకుంటారేమో. జాబితాలో పేరైనా ఉండనీ. మొక్కలు పీకేసి మళ్ళీ ఏ లారీ ఎక్కను నేను?" అని పెట్టేశాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పడుకుంటే అదే. మా ఆవిడ "నిద్రలో కూడా ముక్కు ఎగపీలుస్తున్నావు" అంది.

శనివారం ఓనరమ్మ గదిలో బావ కూడా ఉన్నాడు, గోడకి ఆనుకుని, నా వైపు చూడకుండా. నేను కాగితం ఇచ్చాను. మూడే ముక్కలు రాశాను. కల్తీ లేదు. తోటకి బోరు లేదు, అందుకే వాసన వేరు. బోరు ఉందని చూడకుండా సంతకం పెట్టింది నేను.

ఆవిడ రెండుసార్లు చదివింది. మిషన్ కాగితాలు తిరగేసింది. ల్యాబ్ అమ్మాయిని పిలిచి నాకు వినపడకుండా ఏదో అడిగింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇది నిజమా, బావని కాపాడుకోడానికి కట్టిన కథా?"

"నిజమే అమ్మగారూ."

"బోరు చూశానన్నప్పుడు కూడా నిజమే అన్నావు."

మిషన్ కాగితాలు ఆవిడ ముందుకి జరిపాను.

ఆవిడ పెన్ను మూత పెట్టింది. "పేరు ఇప్పుడే కొట్టెయ్యను. ఈ నూనె మిగతావాటిలో కలపొద్దు, వేరే డబ్బాలో పెట్టండి. రాళ్ళ నేలలో నీళ్ళు లేకుండా పెరిగింది అని రాసి కొనేవాళ్ళకి పంపుతా. తీసుకుంటే ఉంటాడు, లేకపోతే లేడు. ముక్కుమామా, ఇకనుంచి నీ మాట ఒక్కటే చాలదు. ప్రతి నూనెకీ మిషన్ కాగితం జత చెయ్యి. ఆ బీరువాలో సీసా కూడా తీసెయ్. నాలుగు తోటలవి నాలుగు సీసాలు పెట్టండి."

బయటికొచ్చాక బావ అన్నది ఒక్కటే మాట. "నేను చెప్పొద్దన్నాను."

అంతే, కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. అక్క పదకొండు రోజులు ఫోన్ ఎత్తలేదు. పన్నెండో రోజు ఎత్తి, "ఏంట్రా" అంది. దానికే నాకు కళ్ళు చెమర్చాయి, ఎవరికీ చెప్పకండి.

కొనేవాళ్ళ జవాబు నెలన్నరకి వచ్చింది. ఈ నూనె వేరేగా పంపండి, వేరే పనికి వాడి చూస్తాం, ఇంకో కోత పంపండి అని. బావ పేరు జాబితాలో ఉంది. ఆఖరి పేజీలో, విడిగా, ఒక్కడిదే.

మొన్న మూడో కోత తెచ్చాడు. ఇదివరకటిలా దించి వెళ్ళిపోలేదు. బస్తాల మీదే కూర్చున్నాడు, నా చేతుల మీంచి చూపు తియ్యకుండా.

"ట్యాంకులో ఇంకెవరి ఆకైనా మిగిలిందా?" అన్నాడు.

"కడిగాను బావా."

"నేను చూళ్ళేదు."

"రెండుసార్లు కడిగాను."

"నువ్వు చూశానన్న బోరు కూడా ఉంది కదా."

చెప్పులు విప్పి, ఆ మోకాలితోనే నిచ్చెన ఎక్కాడు. నేను పరిగెత్తి నిచ్చెన పట్టుకున్నాను. పైనుంచి ట్యాంకులోకి వంగి, సెల్‌ఫోన్ లైటు వేసి, మూలమూలలా చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. నా చేతులు లాగుతున్నాయి.

"పట్టుకున్నావా, గాలికి వదిలేశావా?" అన్నాడు లోపల్నుంచి. గొంతు ట్యాంకులో గుయ్యిమంది.

"పట్టుకున్నా బావా."

"ఒక్క క్షణం," అని కిందకి వంగి నా చేతులు నిచ్చెన మీద ఉన్నాయో లేదో చూసుకున్నాడు. ఉన్నాయని చూశాక మళ్ళీ లోపలికి వంగాడు.